ఎర్రర్ రాలేదంటే లెక్క సరైనట్టు కాదు

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే నీటి వసతి లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్లకు ఈ 1.5 అనే అంకె కొత్తది కాదు. వంకర తిరిగిన కాళ్లను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగిన ప్రాంతం అది. అందుకే నల్లగొండ జిల్లాలో పీజీ ప్రాజెక్టుల దగ్గర్నుంచి పీహెచ్‌డీల దాకా బోరు నీళ్ల లెక్కలు వస్తూనే ఉంటాయి. ఆ లెక్కలు వేయడానికి ఇప్పుడు ఎక్సెల్‌తో పాటు ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు కూడా వాడుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబును ఒకసారి అనుమానించి చూసే అలవాటు మాత్రం క్లాసుల్లో పెద్దగా నేర్పడం లేదు.

వివరించడానికి పది అంకెలు తీసుకుందాం. ఇవి ఏ ఊరివీ కావు, ఉదాహరణ కోసం రాసుకున్నవి: 0.6, 0.8, 0.9, 1.1, 1.2, 1.4, 1.7, 2.1, 2.6, 3.7. పది బోర్ల ఫ్లోరైడ్ రీడింగులు అనుకోండి. ఆర్‌లో 'సమ్మరీ' ఫంక్షన్‌కి వీటిని ఇస్తే మూడో క్వార్టైల్ (నాలుగింట మూడు వంతుల రీడింగులు ఏ అంకె కింద ఉంటాయో అది) 2.0 అని వస్తుంది. అదే ఆర్‌లో, అవే అంకెలతో 'బాక్స్‌ప్లాట్' గీస్తే పెట్టె పై అంచు 2.1 దగ్గర ఉంటుంది. ఎక్సెల్‌లో 'క్వార్టైల్.ఇంక్' 2.0 అంటుంది, దాని పక్కనే ఉన్న 'క్వార్టైల్.ఎక్స్' 2.225 అంటుంది. శాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ పద్ధతిలో, అంటే మనం ఏమీ చెప్పకపోతే అదే తీసుకునే పద్ధతిలో, 2.1.

తేడా చిన్నదే కదా అని వదిలేయడానికి లేదు. బాక్స్‌ప్లాట్‌లో ఒక రీడింగు 'అవుట్‌లయర్' అవునా కాదా అనేది ఈ క్వార్టైళ్ల మీదే ఆధారపడుతుంది. పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు దాటి బయట పడ్డదాన్ని విడిగా చుక్క పెట్టి చూపిస్తారు. ఆర్‌తో వచ్చే మామూలు బాక్స్‌ప్లాట్ లెక్కలో ఆ హద్దు 3.9, కాబట్టి 3.7 మామూలు రీడింగే. అందరూ వాడే జీజీప్లాట్2 ప్యాకేజీతో గీస్తే హద్దు 3.575 దగ్గరే ఆగుతుంది, 3.7 అవుట్‌లయర్ అయి కూర్చుంటుంది. ఒక విద్యార్థి ఆ బోరును 'అసాధారణం' అని పక్కన పెడతాడు, ఇంకొకడు ఉంచుతాడు. ఇద్దరూ వాడింది ఆర్ భాషే. ఇద్దరికీ ఎర్రర్ రాలేదు, కనీసం హెచ్చరిక కూడా రాలేదు.

ఇందులో ఏది తప్పు? ఏదీ కాదు. శాంపిల్ నుంచి క్వాంటైల్ (క్వార్టైల్ లాంటి విభజన అంకె) అంచనా వేయడానికి ఒకటి కంటే ఎక్కువ పద్ధతులున్నాయి. హైండ్‌మన్, ఫ్యాన్ అనే ఇద్దరు 1996లో సాఫ్ట్‌వేర్లలో వాడుకలో ఉన్న తొమ్మిది పద్ధతులను వరుసపెట్టి, వాటి గుణాలను పోల్చి చూపించారు. ఆర్‌లోని 'క్వాంటైల్' ఫంక్షన్‌లో ఆ తొమ్మిదీ ఉన్నాయి, ఏమీ చెప్పకపోతే ఏడోది తీసుకుంటుంది. మినిటాబ్ అనే సాఫ్ట్‌వేర్ ఆరోదాన్ని అనుసరిస్తుంది. ఆర్‌లోని బాక్స్‌ప్లాట్ ఆ తొమ్మిదింటి జోలికి పోకుండా 'హింజ్' అనే పాత పద్ధతి పట్టుకుంటుంది. శాంపిల్ సంఖ్య బేసి అయితే హింజూ ఏడో పద్ధతీ ఒకే జవాబు ఇస్తాయి, సరి అయితే వేరుపడతాయి. ఈ మాట డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. కాకపోతే అది వివరంగా దొరికేది బాక్స్‌ప్లాట్ వెనుక పనిచేసే 'బాక్స్‌ప్లాట్.స్టాట్స్' అనే ఇంకో ఫంక్షన్ పేజీలో. జీజీప్లాట్2 వాళ్లు కూడా తమ పేజీలో ఈ తేడా గురించి ఒక వాక్యం రాశారు, చిన్న శాంపిళ్లలో కనబడొచ్చు అని. మన ప్రాజెక్టుల్లో శాంపిళ్లు 10, 20, 30 అని గుండ్రంగా ఉంటాయి. అన్నీ చిన్నవే, అన్నీ సరిసంఖ్యలే.

'డాక్యుమెంట్‌లో రాసుంది కదా, చదువుకోకపోతే తప్పు ఎవరిది' అనే వాదన ఒకటి ఎప్పుడూ వినిపిస్తుంది. అది సగమే నిజం. రాసి ఉండటం వేరు, వెతికేవాడు చూసే చోట రాసి ఉండటం వేరు. ఫంక్షన్ గమ్మున పని కానిచ్చేస్తే హెల్ప్ పేజీ తెరవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మనిషి హెల్ప్ చూసేది పని ఆగిపోయినప్పుడే. కాబట్టి ఆగిపోయే ఫంక్షన్ కంటే, ఆగకుండా వేరే ప్రశ్నకు జవాబు చెప్పి పంపే ఫంక్షనే ప్రమాదం.

దీనికి 'శాంపిల్' ఫంక్షన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. మండలానికి ఒక బోరు చొప్పున యాదృచ్ఛికంగా ఎంచుకుని మళ్లీ పరీక్ష చేయాలనుకోండి. బోర్లకు జిల్లా మొత్తం మీద వరుస నంబర్లు ఉన్నాయి. ఒక మండలంలో 3, 8, 14, 22 నంబర్ల బోర్లు ఉంటే, ఈ నాలుగింటినీ 'శాంపిల్'కి ఇచ్చి ఒకటి తియ్యమంటే ఆ నాలుగింటిలోంచే తీస్తుంది. ఇంకో మండలంలో ఒకే ఒక్క బోరు ఉంది, దాని నంబరు 27. దాన్ని ఇచ్చి ఒకటి తియ్యమంటే 27 రావాలి. ఆర్ అలా చేయదు. ఒకే ఒక్క సంఖ్య వచ్చింది కాబట్టి '1 నుంచి 27 వరకు' అని అర్థం చేసుకుని ఆ మధ్యలో ఏదో ఒకటి తీసి ఇస్తుంది. 14 రావచ్చు. అంటే పక్క మండలం బోరు ఈ మండలం పేరుతో జాబితాలోకి ఎక్కుతుంది. ఫీల్డుకు వెళ్లినవాళ్లు అక్కడ ఆ నంబరు బోరు లేదని గమనిస్తే సరి. ఆఫీసులో కూర్చుని పాత రీడింగులే జతచేసుకుంటే ఎవరికీ తెలియదు. నంబరుకు ముందు ఒక అక్షరం పెట్టి 'బి27' అని రాసుకుని ఉంటే మాత్రం ఫంక్షన్ బుద్ధిగా అదే తిరిగి ఇస్తుంది.

ఇలాంటి ఒంటరి గుంపులు అరుదు అనుకోవడానికి లేదు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత నల్లగొండ మూడు జిల్లాలయింది. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరయింది. కొత్త మండలాలూ వచ్చాయి. పాత సర్వే డేటాను కొత్త హద్దుల ప్రకారం విడగొడితే కొన్ని గుంపుల్లో ఒకటీ రెండూ శాంపిళ్లే మిగలవచ్చు. లూప్ రాసుకుని అన్ని మండలాలకూ ఒకేసారి 'శాంపిల్' నడిపించేవాళ్లు సరిగ్గా ఇక్కడే పడతారు.

ఈ ఫంక్షన్ హెల్ప్ పేజీ నిజాయితీగా ఉంది. ఈ సౌకర్యం వల్ల, ఇచ్చే వెక్టర్ (విలువల వరుస) పొడవు మారుతూ ఉండే సందర్భాల్లో అనుకోనిది జరగవచ్చు అని అందులోనే ఒప్పుకుంటుంది. కింద ఉదాహరణల్లో 'రీశాంపిల్' అనే పేరుతో భద్రమైన చిన్న ఫంక్షన్ ఒకటి రాసి కూడా పెట్టారు. సమస్య ఉందని తెలుసు, మందు కూడా రాసి ఉంచారు, అసలు ఫంక్షన్ మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే దాని మీద ఆధారపడిన పాత కోడ్ ప్రపంచమంతా ఉంది, మార్చితే అది విరుగుతుంది. ఈ ఇబ్బంది అర్థం చేసుకోదగిందే. కానీ దాని ఖర్చు కొత్తగా నేర్చుకునేవాళ్ల మీద పడుతోందన్న సంగతి కూడా అంతే నిజం.

ఇక ఖాళీ గడుల సంగతి. డేటాలో విలువ లేని చోట ఆర్ 'ఎన్‌ఏ' అని పెడుతుంది. దాన్ని ఏం చేయాలన్న విషయంలో ఫంక్షన్లలో ఏకాభిప్రాయం లేదు. 'మీన్' ఒక్క ఎన్‌ఏ కనబడినా జవాబు కూడా ఎన్‌ఏ అనేస్తుంది, వాటిని తీసేయాలంటే 'ఎన్‌ఏ.ఆర్‌ఎమ్ ట్రూ' అని విడిగా చెప్పాలి. 'కార్' అనే సహసంబంధం ఫంక్షన్‌లో ఆ పేరు పనిచేయదు, అక్కడ 'యూజ్' అనాలి. రిగ్రెషన్ చేసే 'ఎల్‌ఎమ్' అడగకుండానే ఆ వరుసలను తీసేసి, సమ్మరీ చివర్లో ఇన్ని వరుసలు తీసేశానని ఒక లైను రాస్తుంది. 'టేబుల్' అడగకుండానే తీసేస్తుంది, ఒక్క మాట కూడా చెప్పదు. దాని మీద శాతాలు కడితే ఆ శాతాలు జవాబు చెప్పినవాళ్లలో శాతాలే గానీ సర్వే చేసినవాళ్లందరిలో కావు.

ఒకే ఫంక్షన్ రెండు రకాలుగా ప్రవర్తించడం ఇంకా చిక్కు. 'అగ్రిగేట్'తో మండలాల వారీగా ఫ్లోరైడ్ సగటు తీయడానికి రెండు దారులున్నాయి. కాలమ్‌ను, మండలం జాబితాను విడివిడిగా ఇచ్చి 'మీన్' అడిగితే, ఎన్‌ఏ ఉన్న మండలానికి ఎన్‌ఏ వస్తుంది. అదే పనిని 'ఫ్లోరైడ్ టిల్డ మండలం' అని ఫార్ములా రూపంలో రాస్తే, ఎన్‌ఏ వరుసలను ముందే తీసేసి చక్కటి అంకె ఇస్తుంది. అంతటితో ఆగదు. ఫార్ములాలో ఫ్లోరైడ్‌తో పాటు నైట్రేట్‌ను కూడా కలిపి రెండింటికీ ఒకేసారి సగటు అడిగితే, రెండింటిలో ఏది లేకపోయినా ఆ వరుస మొత్తం పోతుంది. ఫ్లోరైడ్ రీడింగు ఉన్న బోరు కూడా నైట్రేట్ పరీక్ష చేయించనందుకు లెక్కలోంచి వెళ్లిపోతుంది. నైట్రేట్ కాలమ్ చేర్చగానే ఫ్లోరైడ్ సగటు మారిపోతే ఆ విద్యార్థి ఎంత టెన్షన్ పడాలి! ఫార్ములా రూపంలో ఎన్‌ఏలను తీసేయడమే డిఫాల్ట్ అని హెల్ప్ పేజీలో ఉంది. దానివల్ల ఒక కాలమ్ సగటు ఇంకో కాలమ్ మీద ఆధారపడుతుందన్న సంగతి మాత్రం చదివేవాడే ఊహించుకోవాలి.

అక్షరదోషానికి వచ్చే ఫలితం కూడా ఫంక్షన్‌ను బట్టి మారుతుంది. 'ఎన్‌ఏ.ఆర్‌ఎమ్' మధ్యలో చుక్క మరిచిపోయి 'నార్మ్' లాగా కలిపి టైప్ చేశారనుకోండి. 'మీన్' ఆ మాటను పట్టించుకోదు, ఎర్రరూ ఇవ్వదు. 'సమ్' అలా కాదు. పేరు తెలియని దాన్ని కూడా కూడాల్సిన విలువే అనుకుని, 'ట్రూ'ని 1గా తీసుకుని మొత్తానికి కలిపేస్తుంది. 1, 2, 3 ఇచ్చి ఈ తప్పు చేస్తే 6 రావాల్సిన చోట 7 వస్తుంది. హద్దు దాటిన బోర్లు ఎన్ని అని లెక్కపెడుతుంటే ఒక బోరు ఎక్కువ పడుతుంది. ఇదే కుటుంబంలో ఇంకో తేడా: 'మ్యాక్స్'కి 1, 2, 3 అని విడివిడిగా ఇస్తే 3 అంటుంది, 'సమ్' 6 అంటుంది, 'మీన్'కి అలాగే ఇస్తే 1 అంటుంది. 'మీన్' మొదటిదాన్నే డేటాగా తీసుకుని మిగతావాటిని వేరే ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కు ఇచ్చే సూచనలు) అనుకుంటుంది. అన్నింటినీ ఒక వెక్టర్‌గా కలిపి ఇస్తేనే 2 వస్తుంది.

నీటి పరీక్షల డేటాలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేయగలిగేది ఇంకొకటి ఉంది. ల్యాబులో పరికరం కొలవగలిగినంత కంటే తక్కువ ఫ్లోరైడ్ ఉంటే అంకె బదులు 'బీడీఎల్' అని రాస్తారు. ఐదు బోర్లకు 0.6, 1.2, బీడీఎల్, 3.7, 0.9 అని వచ్చిందనుకోండి. మధ్యలో అక్షరాలు వచ్చాయి కాబట్టి ఆ కాలమ్ అంకెల కాలమ్‌గా చదవబడదు. 2020 ఏప్రిల్‌లో 4.0.0 వెర్షన్ వచ్చేదాకా ఆర్ ఇలాంటి కాలమ్‌ను తనంతట తాను 'ఫ్యాక్టర్'గా, అంటే విడివిడి వర్గాల జాబితాగా, మార్చేసేది. ఫ్యాక్టర్‌ను నేరుగా అంకెగా మార్చమంటే అసలు విలువలు రావు, వరుసలో వాటి స్థానాలు వస్తాయి. పై ఐదింటికి వచ్చేది 1, 3, 5, 4, 2. బీడీఎల్ అక్షరక్రమంలో చివర్న ఉంటుంది కాబట్టి దానికి 5 పడింది. ఐదు బోర్లలో అతి మంచి నీళ్లున్న బోరు అతి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరుగా మారింది. 5 మిల్లీగ్రాములు మన ప్రాంతంలో ఎవరూ నమ్మలేని అంకె కాదు, అదే అసలు భయం. సగటు 3 అని వస్తే చూసేవాళ్లు అయ్యో అంటారే గానీ అబద్ధం అనరు.

కొత్త వెర్షన్లలో ఈ గండం చాలావరకు తప్పింది. ఇప్పుడు ఆ కాలమ్ అక్షరాలుగానే ఉంటుంది, అంకెలుగా మార్చితే బీడీఎల్ ఎన్‌ఏ అవుతుంది, హెచ్చరిక కూడా వస్తుంది. అయితే అక్కడ ఇంకో మలుపు ఉంది. సగటు ఎన్‌ఏ వచ్చిందని 'ఎన్‌ఏ.ఆర్‌ఎమ్' తగిలిస్తే మిగిలిన నాలుగింటి సగటు 1.6. బీడీఎల్ అంటే విలువ తెలియదని కాదు, చాలా తక్కువ అని. పరికరం హద్దు 0.2 అనుకుని, చాలామంది చేసినట్టు దానిలో సగం 0.1 వేస్తే ఐదింటి సగటు 1.3. ఒకటి 1.5కు పైన, ఒకటి కింద. ఆ ఊరి నీళ్లు హద్దు దాటాయా లేదా అన్న తీర్పు ఒక్క ఆర్గ్యుమెంట్ మీద తిరిగింది. సగం వేయడం కూడా గొప్ప పద్ధతేమీ కాదు, ఇలాంటి డేటాకు ప్రత్యేకమైన పద్ధతులు ఉన్నాయి. కానీ తీసేయడం కంటే నయం, ఏం చేశారో రాసి చేస్తే ఇంకా నయం.

పాలమూరు వైపు వస్తే వాన లెక్క. భారత వాతావరణ శాఖ రోజు వర్షపాతాన్ని ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు కొలిచి, కొలిచిన రోజు తేదీ వేస్తుంది. ఆటోమేటిక్ స్టేషన్ల గంటగంట డేటా తీసుకుని సొంతంగా రోజువారీ మొత్తాలు కట్టేవాళ్లు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కడతారు. ఆర్‌లో సమయంతో కూడిన విలువను 'ఆజ్.డేట్'తో తేదీగా మార్చితే చాలా వెర్షన్లలో మూడో రకం రోజు వస్తుంది. ఆ మార్పుకు డిఫాల్ట్ టైమ్‌జోన్ మనది కాదు, యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మన గడియారం అంతకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. జూలై 12 తెల్లవారుజామున 2 గంటలకు కురిసిన వాన 11వ తేదీ ఖాతాలో పడుతుంది. అదే విలువను 'ఫార్మాట్'తో తేదీగా రాయిస్తే 12 అని వస్తుంది. రాత్రిపూట గట్టి వానలు పడే నెలల్లో వరుసగా ఎన్ని ఎండు రోజులు అని లెక్కపెట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పత్తి, కంది విత్తుకునే రోజుల్లో పంట బీమాకైనా, కరువు అంచనాకైనా కావాల్సింది సరిగ్గా ఆ ఎండు రోజుల లెక్కే. టైమ్‌జోన్‌ను 'ఏషియా/కోల్‌కతా' అని విడిగా రాస్తే చాలు, పోతుంది.

వ్యవసాయ పరిశోధనలో ఇదే జబ్బు అనోవా (గుంపుల సగటుల మధ్య తేడాను పరీక్షించే పద్ధతి) రూపంలో కనిపిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం లాంటి చోట్ల ఆముదం, జొన్న ట్రయల్స్ అంటే ముందు అన్ని రకాలకూ సమానంగా ప్లాట్లు వేస్తారు. వర్షాధార నేలల్లో కొన్ని ప్లాట్లు ఎండిపోతే ఆ సమానత్వం పోతుంది. అప్పుడు ఆర్‌లో 'రకం, ఎడం (మొక్కల మధ్య దూరం)' అని రాస్తే ఒక ఫలితం, 'ఎడం, రకం' అని తిప్పి రాస్తే ఇంకో ఫలితం వస్తుంది, ఎందుకంటే ఆర్ డిఫాల్ట్ 'మొదటి రకం' వర్గాల మొత్తం (సమ్ ఆఫ్ స్క్వేర్స్), రాసిన వరుసలో ఒకదాని తర్వాత ఒకటి లెక్కిస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్ మూడో రకం. శాస్‌లో జీఎల్‌ఎమ్ మొదటి రకం, మూడో రకం రెండింటినీ ప్రింట్ చేసి ఏది తీసుకుంటావో నీ ఇష్టం అంటుంది. ఆర్‌లో 'కార్' (సీఏఆర్; పైన చెప్పిన సహసంబంధం ఫంక్షన్ కాదు) ప్యాకేజీలో ఇంకో అనోవా ఉంది, మొదటి అక్షరం పెద్దది కావడం ఒక్కటే పేరులో తేడా. అది రెండో రకం ఇస్తుంది. అందులో మూడో రకం అడగొచ్చు గానీ, ఆర్ మామూలుగా వాడే కాంట్రాస్టులను (గుంపులను అంకెలుగా రాసుకునే తీరును) మార్చకుండా అడిగితే వచ్చే ముఖ్య ప్రభావాల పరీక్షకు అనుకున్న అర్థం ఉండదు. గైడు ఎస్‌పీఎస్‌ఎస్‌లో, విద్యార్థి ఆర్‌లో చేసి పీ విలువలు కలవడం లేదని తల పట్టుకునే సందర్భాల్లో ముందు చూడాల్సింది ఇదే.

ఇంత గందరగోళం ఎలా పేరుకుంది? ఆర్‌కు మాతృక అయిన ఎస్ భాష 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్, ఆయన సహచరుల చేతుల్లో మొదలైంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో లైను టైప్ చేస్తూ, వచ్చిన జవాబు చూసి తర్వాతి లైను ఆలోచించే గణాంక శాస్త్రవేత్తల కోసం దాన్ని చేశారు. వాళ్లకు 'శాంపిల్ 27' అంటే 1 నుంచి 27 అని అర్థం కావడం సౌకర్యమే. అదే లైను వందల మండలాల లూపులో, ఎవరూ చూడకుండా నడుస్తుందని ఆనాడు ఎవరి మనసులోనూ లేదు. 1990ల మొదట్లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్‌ను తయారుచేసినప్పుడు ఎస్‌కు అలవాటుపడ్డవాళ్లకు ఇబ్బంది లేకుండా చాలా సంగతులు అలాగే ఉంచారు. 2000లో 1.0.0 వెర్షన్ వచ్చింది. తర్వాత ఎందరో రాసిన ప్యాకేజీలు చేరి, ఇప్పుడు ఆర్ ప్యాకేజీల భండారమైన క్రాన్‌లో 20 వేలకు పైగా ఉన్నాయి. ఎవరి పద్ధతి వాళ్లది. వరుసల పేర్లకు 'రో.నేమ్స్' ఒకటి, చుక్క లేని 'రోనేమ్స్' ఒకటి ఉండటం దగ్గర్నుంచి, వెతికే మాట 'గ్రెప్'లో ముందు రావడం, 'స్ట్రింగ్ స్ప్లిట్'లో వెనక రావడం దాకా అంతా ఆ చరిత్రే.

డాక్యుమెంటేషన్ విషయంలో ఆర్ నిజానికి చాలా భాషల కంటే కట్టుదిట్టమైనది. ప్యాకేజీని క్రాన్‌లో పెట్టాలంటే 'ఆర్ సీఎమ్‌డీ చెక్' అనే పరీక్ష దాటాలి. హెల్ప్ పేజీలో రాసిన ఆర్గ్యుమెంట్ల పేర్లు, డిఫాల్టులు కోడ్‌లో ఉన్నవాటితో సరిపోతున్నాయా అని అది చూస్తుంది, ఉదాహరణలను నడిపించి చూస్తుంది. కానీ యంత్రం చూడగలిగేది అంతవరకే. 'వివరాలు' అనే భాగంలో రాసిన వాక్యం నిజమా, ఫంక్షన్ మారాక ఆ వాక్యం పాతబడిందా అన్నది ఏ పరీక్షా పట్టుకోలేదు. పేర్లు సరిపోయి, అర్థం సరిపోని హెల్ప్ పేజీ ఏ అడ్డూ లేకుండా లోపలికి వచ్చేస్తుంది. దాన్ని పట్టుకోగలిగేది ఆ పేజీని కోడ్ పక్కన పెట్టుకుని చదివే మనిషి ఒక్కడే.

పైథాన్‌కు మారితే ఇవన్నీ తప్పుతాయనుకునేవాళ్లు ఉన్నారు. అక్కడ ప్రామాణిక విచలనం ఒక్కటి చూస్తే చాలు. పైన చెప్పిన పది రీడింగులకు నంపై 0.908 అంటుంది, పాండాస్ 0.957 అంటుంది. మొదటిది పదితో భాగిస్తుంది, రెండోది తొమ్మిదితో. పాండాస్ అనేది నంపై మీద కట్టిన లైబ్రరీయే, చాలా స్క్రిప్టుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. సైకిట్‌లెర్న్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్ అడిగితే డిఫాల్టుగా రెగ్యులరైజేషన్ (గుణకాలు మరీ పెద్దవి కాకుండా పెట్టే అదుపు) కలిపి ఇస్తుంది, ఆర్‌లోని జీఎల్‌ఎమ్ కలపదు. రెండింటి గుణకాలు కలవలేదంటే బగ్ ఉందని కాదు. సగానికి వచ్చిన అంకెను సవరించడంలో కూడా అంతే: ఆర్, పైథాన్ 2.5ను 2 చేస్తాయి, ఎక్సెల్ 3 చేస్తుంది.

తెలుగులో పేర్లు నింపిన డేటా ఉంటే ఇంకో కొలత తేడా ఎదురవుతుంది. 'నల్లగొండ' అన్న పేరు పొడవెంత అని ఆర్‌లో 'ఎన్‌కార్'ను అడిగితే 8 అంటుంది, బైట్లలో అడిగితే 24 అంటుంది. చదివే మనిషి లెక్కలో అది నాలుగు అక్షరాలు. మొదటి రెండు అక్షరాలు కత్తిరించమంటే 'న', 'ల' మాత్రమే వచ్చి ఒత్తు అవతలే ఉండిపోతుంది. ఊరి పేర్ల మొదటి అక్షరాలతో కోడ్లు తయారుచేసుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

మంచికి చేసిన మార్పు కూడా పాత ఫలితాన్ని కదిలిస్తుంది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన 3.6.0 వెర్షన్‌లో 'శాంపిల్' ఎంచుకునే పద్ధతిని సరిచేశారు, పాతదానిలో చాలా పెద్ద జనాభాల విషయంలో పక్షపాతం ఉండేది. దాంతో 2018లో ఒక సీడ్ (అదే యాదృచ్ఛిక ఎంపిక మళ్లీ రావడానికి ఇచ్చే అంకె) పెట్టి ఎంచుకున్న ఊర్ల జాబితా, ఇవాళ అదే సీడ్‌తో మళ్లీ రాదు. పాత పద్ధతి కావాలని విడిగా అడిగితేనే వస్తుంది. థీసిస్‌లో సీడ్ రాసి వెర్షన్ రాయకపోతే ఆ సీడ్ ఎవరికీ పనికిరాదు. 'సెషన్ ఇన్ఫో' అని ఒక్క లైను నడిపితే వెర్షన్లన్నీ వచ్చేస్తాయి, దాన్ని అనుబంధంలో అతికించడానికి నిమిషం పట్టదు.

డిఫాల్టును నమ్ముకోకుండా ఎంపికను కోడ్‌లో రాయడం కూడా అలాంటిదే. క్వాంటైల్ అయితే ఏ రకం, సవరణ అయితే ఎటు, ఎన్‌ఏ అయితే ఏం చేశారు, తేదీ అయితే ఏ టైమ్‌జోన్. విలువ డిఫాల్టుతో సమానమైనా సరే రాయాలి, చదివేవాడికి అది మీరు ఆలోచించి తీసుకున్న నిర్ణయం అని తెలుస్తుంది. కొత్త ఫంక్షన్ వాడేముందు దానికి అసలు డేటా కాకుండా మూడు చిన్న వెక్టర్లు ఇచ్చి చూడాలి: ఒక్కటే విలువ ఉన్నది, ఒక ఎన్‌ఏ ఉన్నది, ఏమీ లేనిది. శాంపిల్ సంగతి మొదటిదానితో బయటపడుతుంది, అగ్రిగేట్ సంగతి రెండోదానితో.

మూడోది చాలామంది ప్రయత్నించరు. ఖాళీ వెక్టర్‌కు 'మీన్' అంకె కాదని చెబుతుంది, 'మీడియన్' ఎన్‌ఏ అంటుంది, 'మ్యాక్స్' హెచ్చరిక ఇచ్చి మైనస్ అనంతం అంటుంది, 'సమ్' నిబ్బరంగా సున్నా అంటుంది. గణితం ప్రకారం ఆ సున్నా సరైనదే. కానీ 1.5 దాటిన బోర్లు ఎన్ని అని మండలాల వారీగా 'సమ్'తో లెక్కగట్టిన పట్టికలో, ఒక్క శాంపిల్ కూడా తీయని మండలం పక్కన కూడా ఆ సున్నాయే పడుతుంది. పరీక్షలన్నీ చేసి నీళ్లు బాగున్నాయని తేలిన మండలానికీ, ఎవరూ వెళ్లని మండలానికీ పట్టికలో తేడా కనబడదు. అందుకని హద్దు దాటినవాటి కాలమ్ పక్కన, పరీక్షించిన బోర్లు ఎన్ని అనే కాలమ్ తప్పకుండా ఉండాలి.